కుడివైపు వాటా

ఆ చొక్కాల కార్ఖానాలో మనుషులకు పేర్లు ఉండేవి కావు, ముక్కలు ఉండేవి. కాలర్లు కుట్టే ఆవిడ కాలరక్క. జేబులు కుట్టే ఆవిడ జేబుల పిన్ని. కాజాలు తీసే ఆవిడ కాజాలమ్మ. ఈ కథ ఈమెది. చొక్కా చేతులు కుట్టేది కాబట్టి అందరూ "చేతులూ" అని పిలిచేవారు. "చేతులూ, కాస్త జరుగు", "చేతులూ, టీ తాగుదువుగాని రా" అంటుంటే కొత్తగా చేరినవాళ్ళు పకపకా నవ్వేవారు. నాలుగు రోజులు పోయాక వాళ్ళకూ ఒక ముక్క తగులుకునేది, నవ్వు ఆగిపోయేది.

చేతులు కుట్టడం చూసినంత తేలిక కాదు. కత్తిరించి కట్టలు కట్టి బల్ల మీద పడేస్తే కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ ఒక్కలాగే కనిపిస్తాయి. చంక దగ్గర వంపులో రవ్వంత తేడా, అంతే. ఆ రవ్వంతా మరిచి ఒకదాని చోట ఇంకోటి కుట్టారా, ఆ చొక్కా తొడుక్కున్నవాడు రోజంతా భుజం ఎగరేస్తూ తిరగాల్సిందే. అందుకని ఎడమ చేతికి ఎర్ర దారంతో గుర్తుకు ఒక టాకా కుట్టు, కుడి చేతికి నీలం దారంతో ఒక టాకా వేసి పెట్టుకోవడం అక్కడి పద్ధతి. ఒక వైపుది ఇంకో వైపుకు పోకూడదు. ఈమె చేతి మీదుగా పోయిన చొక్కా ఒక్కటి కూడా తిరిగి రాలేదని మాస్టరు అందరి ముందూ అనేవాడు. ఆయన నోటి నుంచి మంచి మాట రాలడమంటే మామూలు విషయం కాదు.

ఆమె కడుపుతో ఉందని తెలిసి, స్కానింగులో ఇద్దరని తేలిన రోజున కూడా మొదట నోరు విప్పింది మాస్టరే. "చేతులు కుట్టేదానికి జత కాక ఒంటిది వస్తుందా?" అన్నాడు. మిషన్లన్నీ ఆపి మరీ నవ్వారు. ఆమె సిగ్గుపడి తల దించుకుని, తొక్కిన పెడలే తొక్కింది.

ఇద్దరూ చెరో పక్కన సర్దుకున్నారు. ఎడమవైపుది మహా గడుగ్గాయి. మిషను చప్పుడు మొదలైతే చాలు, దానికి పూనకం వచ్చేది, తన్నులే తన్నులు. కుడివైపుది మెత్తన. ఎప్పుడో సాయంత్రం కాస్త నడుం వాల్చినప్పుడు, పక్క మీద ఎవరో నెమ్మదిగా ఒత్తిగిల్లినట్టు కదిలేది. రొట్టెల వ్యాను తోలే మొగుడు ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, భార్య పొట్ట మీద రెండు అరచేతులూ ఆనించి కూర్చునేవాడు. ఎడమవైపు ఆనించిన చెయ్యి ఎగిరేది, కుడివైపు చెయ్యి ఊరికే ఉండేది. "ఇది రౌడీ, అది నంగనాచి" అని పేర్లు పెట్టింది అతనే. "చూస్తూ ఉండు, రేపు అల్లరంతా ఆ నంగనాచే చేసి, తన్నులు రౌడీకి తినిపిస్తుంది" అనేవాడు.

అత్తగారిది గయ్యాళి నోరు, వెన్నలాంటి మనసు అని చుట్టుపక్కలవాళ్ళు అనేవారు గానీ, అది పూర్తిగా నిజం కాదు. ఆవిడ మనసు కూడా ఒక్కోరోజు నోరంత పదునుగానే ఉండేది. కాకపోతే కోడలు కడుపుతో ఉన్నన్నాళ్ళూ చేతిలో చెంచా పట్టుకుని వెంట తిరిగి తినిపించింది. ఒక మధ్యాహ్నం పాత దుప్పటిని చించి పొత్తిగుడ్డలు చేస్తూ ఆవిడ అంది:

"ఇప్పుడే చెప్పిపెట్టు ఇద్దరికీ. ఎవరి వాటా వాళ్ళకి. ఎడమది రౌడీకి, కుడిది నంగనాచికి. లేకపోతే ఆ రౌడీ రెండు వైపులా లాగించేసి రెండోదాని కడుపు మాడుస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ రెండోది నోరు తెరిచి అడిగే రకమేనా?"

"దానికి అడక్కుండానే పెడతాను అత్తయ్యా" అంది ఆమె.

అత్తగారు నవ్వి ఊరుకుంది. ఆమె మాత్రం నవ్వులాటకు అనలేదు. తను కూడా నోట్లో నాలుక లేని పిల్లగానే పెరిగింది. అక్కచెల్లెళ్ళ మధ్య వడ్డన తన దాకా వచ్చేసరికి గిన్నె అడుగు కనపడేది. అందుకే ఆ సాయంత్రం కుడివైపు చెయ్యి వేసుకుని, "కుడివైపుది నీదే. దాన్ని ముట్టనివ్వను, సరేనా?" అని గట్టిగా మాట ఇచ్చింది. నంగనాచి నెమ్మదిగా ఒత్తిగిల్లింది.

మాస్టరు ఒకరోజు మెత్తటి తెల్లగుడ్డ ముక్క తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాడు. దానితో రెండు చిన్న చొక్కాలు తయారయ్యాయి. భోజనాల వేళ ఒక్కొక్కరూ ఒక్కో పని చేశారు. కాలరక్క బొటనవేలంత కాలర్లు వేసింది. కాజాలమ్మ కళ్ళజోడు తుడుచుకుని మరీ కాజాలు తీసింది. చేతులు ఈమెవే. రెండూ ఒక్కలాగే ఉన్నాయని, ఏది ఎవరిదో తెలియాలని, రౌడీ చొక్కాకు కాలరు లోపల ఎర్ర టాకా వేసింది, నంగనాచి చొక్కాకు నీలం టాకా. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత విషయమని అనుకోలేదు.

నెలలు నిండకముందే ఆ రోజు వచ్చింది. బడిపిల్లల చొక్కాలు గుట్టలుగా వచ్చి పడ్డాయి, అందరూ తల ఎత్తకుండా కుడుతున్నారు. కుడివైపు పొద్దున్నుంచీ కదలిక లేదని ఆమెకు తెలుసు. నంగనాచి కదా, పడుకుని ఉంటుందిలే అనుకుంది. సాయంత్రం నడుం వాల్చినా కదలలేదు. రౌడీ ఎగిరెగిరి తన్నుతుంటే, ఆ తన్నుల్లో దీని కదలిక తెలియడం లేదేమో అనుకుంది. మర్నాడు కూడా అలాగే ఉంటే అప్పుడు అత్తగారికి చెప్పింది. అత్తగారు వెంటనే చెప్పులు వేసుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కానింగు మిషను పెట్టి చాలాసేపు చూసింది. బొడ్డుపేగు మెలిపడి కుడివైపుది పోయిందని చెప్పింది. "నువ్వు ముందొచ్చినా మేం చేయగలిగింది ఏమీ లేదమ్మా, ఇందులో నీ తప్పు రవ్వంత కూడా లేదు" అంది. ఆమె తల ఊపింది. రవ్వంత తేడాతో చొక్కా పాడైపోతుందని తెలిసిన మనిషికి ఆ మాట ఎక్కుతుందా? ఎక్కలేదు.

కాన్పయింది. రౌడీ పిడికెడంత ఉన్నా గది కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. రెండోదాన్ని ఆమెకు చూపించలేదు. "చూస్తే బెంగ పడతావు, వద్దు తల్లీ" అన్నారు. గుడ్డలో చుట్టి తీసుకుపోతుంటే, తలుపు దగ్గర మలుపులో ఒక్క క్షణం ఆ తెల్లటి మూట కనిపించింది. అంతే. అత్తగారూ మొగుడూ దానితో వెళ్ళారు, ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆమె అడగలేదు. ఏడవబోతే అత్తగారు నోటి మీద చెయ్యి పెట్టింది. "ఏడవకు. ఏడిస్తే పాలు ఇగిరిపోతాయి. ఉన్నదాన్ని చూసుకో" అంది. ఆమె ఏడుపు మింగేసింది.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకే పాట. "ఒకటైనా దక్కింది, అదే పదివేలు." అలా అనడానికి నోరెలా వస్తుందో! రెండు గిన్నెల్లో ఒకటి పగిలితే మిగిలినదాంట్లో వండుకోవడమా ఇది? కార్ఖానా నుంచి అక్కలూ పిన్నులూ వచ్చారు. బిడ్డను ఎత్తుకున్నారు, ముద్దులాడారు, ఆమె మొహంలోకి మాత్రం చూడలేదు. మాస్టరు గుమ్మం దాటి లోపలికే రాలేదు. జేబులోంచి టేపు తీసి చుట్టుకుంటూ విప్పుకుంటూ కాసేపు నిలబడి, "పనికి తొందరేం లేదమ్మా" అని వెళ్ళిపోయాడు. జత అన్న మాట ఆయనకూ గుర్తుందని ఆమెకు అర్థమైంది. ఆయన మీద కోపం రాలేదు, జాలి వేసింది.

బాలింత బతుకు సంగతి చెప్పేదేముంది? తెల్లారకుండానే పొత్తిగుడ్డలు, అవి ఆరకముందే ఇంకో దొంతర. పాలు పట్టడం, భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, తెప్పించాక అది భుజం మీదే కక్కడం, తుడుచుకునేలోపు మళ్ళీ ఆకలి. తను తల దువ్వుకుందో లేదో తనకే గుర్తుండదు. రౌడీ ఒక పట్టాన నిద్రపోయేది కాదు. చివరికి ఆమెకే ఒక ఉపాయం తట్టింది. ఇంట్లో ఉన్న పాత మిషను ముందు బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుని, దారం ఎక్కించకుండా ఉత్తినే పెడలు తొక్కేది. ఆ చప్పుడుకు రౌడీ కళ్ళు మూతపడేవి. కడుపులో ఉన్నప్పుడు అదే చప్పుడుకు చిందులేసింది మరి! సూది ఖాళీగా పైకీ కిందికీ ఆడుతుంటే ఆమె దాన్నే చూస్తూ కూర్చునేది.

పాలు మాత్రం ఎడమవైపే పట్టింది.

కావాలని అనుకుని మొదలుపెట్టింది కాదు. మొదటిరోజు బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టగానే చేతులు వాటంతటవే ఎడమవైపుకు తిప్పాయి. రౌడీది ఎడమవైపు కదా! అది ఎడమవైపు తాగుతుంటే, కుడివైపు దానంతటదే కారడం మొదలైంది. బొట్టు బొట్టుగా కారి నైటీ తడిసిపోయింది. ఆమె తడిసిన చోట చెయ్యి వేసుకుంది. అడుగుతోంది, అనుకుంది. ఎన్నడూ అడగని పిల్ల ఇప్పుడు అడుగుతోంది.

ప్రతిసారీ అంతే. ఇది తాగడం, అది కారడం. అడిగేదాని నోటి ముందు నుంచి తీసి దీనికి ఎలా పెడుతుంది? మాట ఇచ్చింది. ఒక్కసారి కదలిక లేదని తెలిసి కూడా ఊరుకుని దానికి అన్యాయం చేసింది, మళ్ళీ చేస్తుందా? అందుకే కుడివైపు బరువెక్కి రాయిలా అయినప్పుడు స్నానాలగదిలోకి వెళ్ళి గ్లాసులోకి పిండేది. మోరీలో పారబోయడానికి చెయ్యి రాలేదు. పిట్టగోడ మీద ఒక మట్టికుండీలో ఏదో పూలమొక్క ఉండేది, దాని మొదట్లో పోసి గ్లాసు కడిగి పెట్టేసేది. పిచ్చిపని అని ఆమెకు తెలియక కాదు. తెలిసి కూడా ఆపలేకపోయింది.

ఆరోగ్యకేంద్రంలో బిడ్డను తూచే రోజు వచ్చింది. కొక్కేనికి గుడ్డ ఉయ్యాల వేలాడదీసి అందులో రౌడీని పడుకోబెట్టారు. ముల్లు ఊగి ఊగి నిలబడింది. నర్సమ్మ ముల్లు వంకా, బిడ్డ తొడల వంకా మార్చి మార్చి చూసింది. తొడల మీద చర్మం వదులుగా ముడతలు పడుతోంది.

"ఏంటమ్మా, పుట్టినప్పటి బరువు కూడా అందుకోలేదు. రెండు వైపులా ఇస్తున్నావా?"

"ఇస్తున్నానండి."

"పాలు పడుతున్నాయా సరిగ్గా?"

"పడుతున్నాయండి."

"మరి ఎక్కడికి పోతున్నాయి?" నర్సమ్మ ఊరికే అంది గానీ ఆమెకు చురుక్కుమంది. "అసలే తక్కువ బరువుతో పుట్టిన పిల్ల. వచ్చేవారం కూడా ఇలాగే ఉంటే ఆసుపత్రిలో పెట్టేసుకుంటాం. ఇంతకన్నా జారితే కష్టం. అర్థమవుతోందా?"

అర్థమైంది. ఇంటికి వచ్చేదారిలో బిడ్డను గుండెకు అదుముకుని, దాని వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు తగిలాయి. ఇదీ పోతుందా? నా చేతులతో నేనే దీన్ని కూడా పంపేస్తున్నానా? ఇంటికి రాగానే తలుపు వేసి కుడివైపు గుండీలు విప్పింది. రౌడీని అటు తిప్పింది. బిడ్డ నోరు తెరిచి వెతుక్కుంటోంది. ఇక అందబోతుండగా ఆమె చెయ్యి అడ్డం పడింది. ఎవరి కంచంలోదో లాగి ఇంకొకరికి వడ్డిస్తున్నట్టనిపించింది. మళ్ళీ ఎడమవైపుకు తిప్పేసింది. అక్కడ ఇంక ఏమీ లేదు. రౌడీ చప్పరించి చప్పరించి, మొహం ఎర్రగా చేసుకుని అరిచింది. ఆ అరుపు కూడా ముందులా లేదు. కప్పు ఎగరగొట్టిన గొంతు పిల్లికూన గొంతైపోయింది.

అత్తగారికి అనుమానం మొదట చీమల వల్ల వచ్చింది. ఎప్పుడూ లేనిది పిట్టగోడ మీద కుండీ చుట్టూ చీమల బారు. బెల్లం ముక్క పెట్టారా ఇక్కడ, అని గొణుక్కుంటూ తుడిచింది. మళ్ళీ చేరాయి. తర్వాత కోడలి నైటీలు ఉతుకుతుంటే, కుడిపక్క ప్రతిదీ గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంది, ఎడమపక్క శుభ్రంగా ఉంది. ఆవిడ నైటీని చేతిలో పట్టుకుని నీళ్ళ దగ్గర చాలాసేపు కూర్చుంది. ఆ మధ్యాహ్నం కోడలు గ్లాసు పట్టుకుని పిట్టగోడ దగ్గరికి వెళ్తుంటే వెనకాలే వెళ్ళి నిలబడింది.

"ఏం పోస్తున్నావే అందులో?"

ఆమె ఉలిక్కిపడింది. గ్లాసు దాచబోయింది. దాచడానికి చోటు లేదు.

"ఆకలికి పిల్ల గొంతు ఆరిపోతుంటే పాలు తీసుకొచ్చి మొక్కకి పోస్తావా? నీకు మతి ఉందా అసలు?" అత్తగారి గొంతు పిట్టగోడ దాటి వీధిలోకి పోయింది.

"అవి దానివి కావు అత్తయ్యా."

"దానివి కాకపోతే ఎవరివి?"

"కుడివైపుది నంగనాచిది. మీరే అన్నారు కదా, ఎవరి వాటా వాళ్ళకని. నేను మాటిచ్చాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది, కూరలో ఉప్పు వేశానని చెప్పినట్టుంది. "అది అడుగుతోంది అత్తయ్యా. రౌడీ తాగినప్పుడల్లా ఇటుపక్క కారుతోంది. కావాలంటే చూడండి."

ఎప్పుడో పొత్తిగుడ్డలు చింపుతూ నవ్వులాటకు అన్న మాట, నోరు జారి పడిన గింజ, ఎక్కడ మొలిచిందో అత్తగారికి తెలిసొచ్చింది. కోడలి చేతిలోంచి గ్లాసు తీసి కింద పెట్టింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. బీరువా తలుపు తీసి, అడుగున ఉన్న బట్టలన్నీ లాగి, మడత పెట్టిన ఒక చిన్న తెల్లచొక్కా బయటికి తీసింది.

"ఇది నీ కంట పడితే బెంగ పెట్టుకుంటావని దాచాను. రెండో చొక్కా ఆ పోయినదానికి తొడిగాను." ఆవిడ కూడా మంచం మీద కూలబడింది. "ఆ రోజు దాన్ని నేనే ఒళ్ళో వేసుకున్నాను. వేణ్ణీళ్ళతో తుడిచాను. ఒళ్ళంతా మెత్తగా, వేళ్ళు పొడుగ్గా, అచ్చం నీ వేళ్ళే. నువ్వు కుట్టిన చొక్కా తొడిగి, గుండీలు పెట్టి పంపించాను. ఏమీ లేకుండా పోలేదే అది. వాళ్ళమ్మ కుట్టింది తొడుక్కునే పోయింది."

ఆమె చొక్కాను అందుకుంది. వేళ్ళు వాటంతటవే పాత అలవాటుగా కాలరును తిరగేశాయి. లోపల నీలం టాకా ఉంది.

"అత్తయ్యా, ఇది నంగనాచిది."

"ఏంటీ?"

"నీలం దారం కుడివైపుదానికి. ఎర్రది రౌడీకి. దానికి మీరు తొడిగింది రౌడీ చొక్కా."

అత్తగారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నాకేం తెలుసే ఆ దారాల గొడవ! ఆసుపత్రికి తెచ్చిన సంచిలో చెయ్యి పెట్టాను, ఏది అందితే అది తీశాను. కళ్ళు కనపడ్డాయా నాకప్పుడు? తప్పు చేశానా తల్లీ?"

చేతి మీదుగా పోయిన చొక్కా ఒక్కటి కూడా తిరిగి రానివ్వని మనిషి. ఒక వైపుది ఇంకో వైపుకు పోనివ్వని మనిషి. తిరిగి తెచ్చుకోవడానికి వీల్లేని చోటికి ఒకటి పోయింది. ఆమె ఆ చొక్కాను ఒళ్ళో పరుచుకుని, చేతులు రెండూ చాపి పెట్టి చూసింది.

"రౌడీది తొడుక్కుని పోయిందా అది" అంది నెమ్మదిగా.

"దీనికేం తెలుసు, కిక్కురుమనలేదు. ఇచ్చేసింది" అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "అక్కచెల్లెళ్ళు బట్టలే మార్చేసుకున్నారు. ఇంకా మన వాటాలేంటే తల్లీ మధ్యలో?"

పక్కగదిలో రౌడీ లేచింది. ఏడుపు కూడా కాదు, సన్నటి మూలుగు. ఆమె లేచి వెళ్ళి బిడ్డను తెచ్చుకుంది. ముందు నంగనాచి చొక్కా తొడిగింది. అప్పుడే పుట్టిన పిల్లల కొలతకు కుట్టిన చొక్కా, అయినా ఇంకా వదులుగానే ఉంది. చేతులు సరిచేసింది. గుండీలు పెట్టింది. తర్వాత తన కుడివైపు గుండీలు విప్పి, బిడ్డ తలను అటు తిప్పింది.

రౌడీకి ఆ వైపు కొత్త. తల అటూ ఇటూ కొట్టుకుంది, విసుక్కుంది, ఎడమవైపుకే తిరగబోయింది. ఆమె తల పట్టుకుని మెల్లగా ఆపింది. బిడ్డ నోటికి అందింది. ఒక గుక్క, ఇంకో గుక్క. తర్వాత గుటకల చప్పుడు గదంతా వినపడింది. పెదవుల చివర నుంచి పాలు కారి ఆ చిన్న కాలరు తడుస్తోంది.

అప్పుడు ఎడమవైపు చల్లగా తగిలింది. వంగి చూసుకుంది. ఎవరూ ముట్టుకోకుండానే ఎడమవైపు దానంతటదే కారుతోంది. బొట్టు బొట్టుగా, ఇన్నాళ్ళూ కుడివైపు కారినట్టే.

ఒక వైపు తాగితే రెండో వైపు కారుతుంది. అంతే. ఇన్నాళ్ళూ జరిగింది అదే. ఎవరూ అడగలేదు. నంగనాచి కడుపులో ఉన్నప్పుడు అడగలేదు, పోయేటప్పుడు అడగలేదు, పోయాక కూడా ఒక్కసారీ అడగలేదు. అది లేదు.

"అది అడగలేదు అత్తయ్యా" అంది ఆమె. "అసలు అది లేనే లేదు."

మింగేసిన ఏడుపు అప్పుడు వచ్చింది. గుండెలు అవిసేలా, నోరు తెరిచి, పక్కింటివాళ్ళు కిటికీలు తీసి చూసేంత గట్టిగా ఏడ్చింది. పాలు ఇగిరిపోతాయని అత్తగారు ఈసారి అనలేదు. పక్కన చేరి, కోడలి తల భుజానికి ఆనించుకుని, "ఏడువు తల్లీ, ఏడువు" అంటూ తనూ ఏడ్చింది. రొట్టెల వ్యాను వీధిలో ఆగిన చప్పుడైంది. మొగుడు గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విప్పడం మరిచిపోయి అక్కడే నిలబడిపోయాడు.

తల్లి ఎక్కిళ్ళకు ఒళ్ళంతా ఊగుతున్నా రౌడీ మాత్రం పట్టు వదల్లేదు. నంగనాచి చొక్కా తొడుక్కుని, కుడివైపు ఖాళీ అయ్యేదాకా తాగింది.